ఉప్పలయ్య బండి ముస్తాదు

ఏం జూసిన్రు మీరు? చెప్పున్రి ముందు, తలకాయలు ఊపుడు కాదు. పోయిన వారం ఉప్పలయ్య బండేస్కొని కన్యాకుమారికి పోతుంటే రోడ్డు మీద నిలబడి చేతులు ఊపిన్రు కదా, ఆ బండి మీద ఏం కనబడ్డది మీకు? ఇద్దరు మనుషులు, ఎనక ఒక సంచి. అంతేనా? అంతేనంట! మీ కండ్లకు అంతే కనబడతది. ఆ సంచి అంత చిన్నగ అయ్యేదాక ఆ ఇంట్ల ఎంత లొల్లి అయిందో, ఆ ఎనక సీటు మీద ఆయన పెండ్లాం సోమలక్ష్మి కూసునేదాక ఎంత పంచాయితీ నడిచిందో మీకేం ఎరుక. కూసోండ్రి. ఆ ఫోన్లు జేబుల పెట్టుండ్రి.

ఉప్పలయ్య అంటే తాళ్ళెక్కి కల్లు గీసే ఉప్పలయ్య. మూతి మీద మీసం రాకముందే మోకు పట్టిండు, మోకాళ్ళు ఇగ మావల్ల కాదన్నదాక ఎక్కిండు. మోకు తెల్వదా బిడ్డా నీకు? చెట్టుకూ నడుముకూ కలిపి వేస్కునే తాడు. అది తెగిందంటే మనిషి ఇగ లేడనుకో. ఆ మోకు, నడుం పట్టీ, కత్తి పెట్టుకునే పొది, అన్నీ కలిపితే ముస్తాదు. గౌడోని పానం ముస్తాదుల ఉంటది, ఒంట్లె కాదు. సరే, మోకాళ్ళు మొరాయించినంక ఏమైందంటే, చెట్లు తమ్ముని కొడుక్కు అప్పజెప్పి, జనగామల ఒక పాత బుల్లెట్టు కొనుక్కొచ్చిండు. కొనుక్కొచ్చి పెండ్లాంతోని అన్నడంట, లచ్చిమీ, రోడ్డు అయిపోయేదాక పోదామే, కన్యాకుమారి కాడ ఇగ ముందల నేలే ఉండదంట, మూడు దిక్కుల నీళ్ళేనంట. ఆమె ఏం చూసింది చెప్పు? అవ్వగారి ఊరు, అత్తగారి ఊరు, నడుమ జనగామ అంగడి. సముద్రం గోడ మీది క్యాలెండర్ల చూసింది. నన్ను నిజంగ తోల్కపోతవా అని అడిగిందంట. తోల్కపోత. కాటమయ్య మీద ఒట్టేనా? ఒట్టే. కాటమయ్య అంటే మా గౌడోళ్ళ దేవుడు, చెట్టెక్కినోన్ని కిందికి భద్రంగ దించే దేవుడు. ఆయన మీద ఒట్టేస్తే ఇగ తిరుగుడు లేదు. తెల్లారి సోమలక్ష్మి ఉపాధి పని కాడ తట్ట దించి ఆడోళ్ళందరికి చెప్పింది, నేను సముద్రం చూడబోతున్న అని. చెప్పినంక పోకుంటే ఏం మొఖం పెట్టుకొని తట్ట ఎత్తాలె? అది యాది పెట్టుకోండ్రి.

ఇగ ఊరంతా సామాను మొదలుపెట్టింది. ముందుగాల వచ్చింది మిలట్రీ విజేందరు. ఆయన పనిచేసి వచ్చింది మంచు కొండలల్ల. ఉప్పలన్నా, నాకాడ గుడారం ఉన్నది తీస్కపో అన్నడు. గుడారం ఎందుకురా అంటే, దారిల అడవి వస్తె ఎక్కడ పంటవు అన్నడు. లోపట దూరి జిప్పు గుంజుకునే బొంత ఇచ్చిండు. మోచేతులకు, మోకాళ్ళకు గట్టి డిప్పలున్న కోటు ఇచ్చిండు. అది తొడుక్కుంటే ఉప్పలయ్య తాబేలు లెక్క అయిండంట. తర్వాత మెకానిక్ సైదులు వచ్చిండు, అన్నా చైను తెగితే, అన్నా క్లచ్చు వైరు తెగితే, అన్నా పెట్రోలు అయిపోతే! ఒక పెట్టెడు నట్లు తిప్పే రించీలు, పాత చైను, పెట్రోలు డబ్బా. మందులాయన వచ్చి, కాలు బెణికితే ఇది, కడుపు కదిలితే ఇది అని సంచి నింపిండు. ఒకడు టార్చిలైటు, ఒకడు మడతపెట్టే కుర్చీ. కుర్చీ అయ్యా! సముద్రం కాడ నిలబడి చూస్తె కనబడదా? నాకు ఇప్పటికీ మండుతది. భయపెట్టినోళ్ళల్ల ఒక్కడన్న కన్యాకుమారి చూసిండా అంటే చూడలే. ఇంట్ల కూసున్నోనికి దారిల ఎన్ని ఆపదలుంటయో అన్నీ తెలుస్తయి.

ఉప్పలయ్య ఏమో ఎవ్వరిని కాదనలే. అన్నీ ముందేస్కొని, ఎట్ల కట్టాలె అని చూసిండు. చూసి ఏం చేసిండంటే, బండికి ఒక్కటి కట్టలే, అన్నీ నడుముకు కట్టుకున్నడు! నవ్వకుండ్రి, ఆయన తప్పు కాదది. చెట్టు మీద ఉన్నోనికి నడుముకు ఉన్నదే తనది, చెట్టుకు తగిలించింది చెట్టుదే. అదే బుద్ధి. నడుం పట్టీకి కుడిదిక్కు గాలిపంపు, ఎడమదిక్కు రించీల పెట్టె, ముందల నీళ్ళ డబ్బా, ఎనక కుర్చీ. కల్లు లొట్లు తగిలించుకొని దిగొచ్చే మనిషి లెక్కనే ఉన్నడంట. అట్లనే బండెక్కి చాయ్ హోటలుదాక పోయిండు. పోవుడైతే మంచిగనే పోయిండు. కాలు కింద పెట్టి దిగబోతే రించీల పెట్టె ఒక దిక్కు గుంజింది, కుర్చీ హ్యాండిలుకు తట్టింది, మనిషి, బండి, హోటలు బల్ల, బల్ల మీది బజ్జీలు, అన్నీ ఒక్క కుప్ప. ఉప్పలయ్య కింద నుంచే అన్నడంట, నాకేం కాలే, ముస్తాదు ఊడలే! ఊడలే కాబట్టే పడ్డవ్ కదయ్యా!

ఇగ అప్పుడు బుద్ధి తెచ్చుకొని నడుముకు కట్టింది విప్పి బండికి కట్టిండు. బండికి అంటే ఎక్కడ? ఎనక సీటు మీద. గుడారం, దాని మీద బొంత, దాని మీద పెట్టె, పక్కల డబ్బా, పైన కుర్చీ. కట్టిన తాడు చూస్తె కండ్లకు పండుగే, ఒక్క ముడి కూడా జారది. అట్లనే బండిని నూకుకుంట కాటమయ్య గుడికి తీస్కపోయిండు. కొత్త ముస్తాదు ఏదైనా మా ఊళ్ళె ముందుగాల కాటమయ్య ముందల పెట్టి, కల్లు సాక పోసి, అంటే దేవుని పేరు మీద కల్లు ధార పోసి, అప్పుడు వాడుతరు. కులపెద్ద రామస్వామి తాత సాక పోసిండు. అందరు దండం పెట్టిన్రు. దండం పెట్టి లేచినంక సోమలక్ష్మి బండి చుట్టు ఒక్కసారి తిరిగి వచ్చిందంట. తిరిగి వచ్చి, నేనెక్కడ కూసోవాలె అన్నది.

ఉప్పలయ్య సీటు దిక్కు చూసిండు, పెండ్లాం దిక్కు చూసిండు. లచ్చిమీ, జర కింద మీద చేద్దాం గాని, అని నసిగిండు. విజేందరు అన్నడంట, వదినా, సాక పోసిన సామాను ఇంట్ల వదిలిపెట్టొద్దని మీ కులం కట్టుబాటే కదా, ఇప్పుడు ఏది దించినా కాటమయ్యకు కోపమొస్తది, అన్న ఒక్కడు పోయి తొవ్వ చూసి రానీ, వచ్చే ఏడు నువ్వు పోదువు. వచ్చే ఏడు! ఈ మాట ఆడదానికి పుట్టినకాంచి చెప్తనే ఉన్నరు, ఆ ఏడు ఎన్నడన్న వచ్చిందా? సోమలక్ష్మి ఏడ్వలే. కొంగు నడుముల చెక్కి రామస్వామి తాత ముందల నిలబడ్డది. తాతా, ఒక మాట అడుగుత చెప్పు, సాక ఎవని ముస్తాదుకు పోస్తం? ఎక్కెటోని ముస్తాదుకు బిడ్డా. మరి పక్కోని మోకు అడుక్కొని చెట్టెక్కొచ్చునా? తాత చెవులు మూసుకున్నడంట. ఛీ, ఏం మాటే అది, తమ్ముని మోకుతోనైనా అన్న ఎక్కడు, తండ్రి మోకు కొడుకు ముట్టడు, ఎవని పానం వాని తాడు మీదనే. అట్లనా, మరి ఈ గుడారం ఎవలది? విజేందరుది. ఈ రించీలు? సైదులువి. ఈ కుర్చీ? పక్కోని సామానుకు పోసిన సాక చెల్లదు కదా తాతా!

ఇగ చూడు, ఆమె తాడు విప్పుడు మొదలుపెట్టింది. మరిదీ, నీ గుడారం నువ్వే పట్టుకో, మేము సత్రంల పంటం. సైదులూ, నీ చైను నువ్వు మెడల వేస్కో. సైదులు అన్నడంట, అక్కా, దారిల తెగితే? దారిల మెకానిక్కులు సచ్చిన్రారా, నువ్వొక్కనివే పుట్టినవా? జనం పడి పడి నవ్విన్రు. ఉప్పలయ్య సొంతంగ కొన్నయి పక్కకు పెట్టింది. ఒక ట్యూబు, గాలిపంపు, వాన కోట్లు, గొంగడి, ఇద్దరి బట్టలు. అన్నీ ఒక్క సంచిల పట్టినయి. సీటు ఖాళీ అయింది. ఆమె చీర సర్దుకొని ఎక్కి కూసున్నది. రామస్వామి తాతైతే, కాటమయ్యకు ఇదే ఇష్టమున్నట్టున్నది అన్నడంట.

అయిపోయింది అనుకున్నరా? విజేందరు ఊకుంటడా? ఆయనకు గుడారం వాపసు వచ్చిన మంట. వదినా, అన్నీ వాపసు ఇచ్చినవ్ మంచిదే, మరి నీ చేతుల ఉన్న హెల్మెట్ ఎవలది అన్నడు. అది విజేందరు పెండ్లాంది. ఉప్పలయ్య తల మీద ఉన్నది తనది, బండితోనే కొనుక్కున్నడు. ఆమెకు కొనలే. కొనాలన్న సోయే రాలే, అందరు అన్నీ యాదికి తెచ్చిన్రు గాని అదొక్కటి ఎవ్వనికీ యాదికి రాలే. తన మాట తన మెడకే పడ్డది. సోమలక్ష్మి ఆ హెల్మెట్ దిక్కు చూసింది, బండి దిగింది, మర్యాదగ విజేందరు చేతుల పెట్టి గుడి అరుగు మీద కూసున్నది. ఒట్టి తలతోని వస్త అనలే. ఎందుకనలే? ఆమె గౌడోని బిడ్డ, గౌడోని పెండ్లాం. మోకు లేకుంట చెట్టెక్కిన వాళ్ళను ఎట్ల మోసుకొచ్చిన్రో ఆమెకు ఎరుకే. ఆమె అన్న అట్లనే పోయిండు.

ఉప్పలయ్యకు అప్పుడు సిగ్గయింది. తన తల మీది హెల్మెట్ తీసి, లచ్చిమీ, ఇది నువ్వు పెట్టుకో అన్నడు. నీది నాకెట్ల సరిపోతదయ్యా, పక్కోని మోకే కదా అది కూడా అన్నది ఆమె. అయితే లెవ్వు అన్నడు. ఎక్కడికి? జనగామకు. బండి మీద కాదు, బస్సుకు. నువ్వే పోయి తేరాదా అని ఆమె అంటే, ఏం మాట్లాడినవే, మోకు కొనేటప్పుడు ఎక్కెటోడే పోవాలె, ఎక్కెటోడే గుంజి చూస్కోవాలె అన్నడంట. దుకాణంల ఆమె ఒక్కొక్క హెల్మెట్ పెట్టుకునుడు, తల ఊపుడు, ఊగుతున్నదని తీసుడు. దవడ కింది పట్టీని తాడు గుంజినట్టు గుంజుతున్నది. ఒకదాని పట్టీ చేతులకే వచ్చింది. దుకాణపాయన, అమ్మా, గంత బరువుది మీకెందుకు, ఎనక కూసునేటోళ్ళకు ఈ తేలికది చాలు, ఊకెనే పోలీసులకు చూపెట్టేటందుకు, అని టోపీ అసుంటిది తీసిండు. ఉప్పలయ్యకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఏం సేటూ, బండి పడితే ముందలున్నోడు రాయి మీద పడి, ఎనకున్నోళ్ళు దూది మీద పడతరా? చూపెట్టేటందుకు కాదయ్యా, నా పెండ్లాం తలకాయకు అడుగుతున్న! దుకాణంల ఉన్నోళ్ళంత ఇటు తిరిగిన్రంట. సోమలక్ష్మి మాత్రం తిరగలే, గుంజుతనే ఉన్నది. గుంజి గుంజి చివరికి ఒక నల్లది పట్టుకొని, ఇది నాది అన్నది. రామస్వామి తాత మల్ల సాక పోసిండు, ఈసారి ఆ హెల్మెట్ ఒక్కదానికే. తెల్లారి పోయిన్రు. దారిల వైరు తెగిందంట, ఎవరో మెకానిక్కు ఏసిండంట. తడిసిన్రంట, ఆరిన్రంట. నిన్న ఫోన్ల సోమలక్ష్మి సముద్రం కాడినుంచి ఒక్క మాటే అన్నది, నీళ్ళు ఉప్పగున్నయ్ అని.

ఇగ మీకు చెప్తున్న. లక్షలు పోసి బండ్లు కొంటున్నరు, ఇనుప ముక్కులున్న బూట్లు కొంటున్నరు, తల మీద కెమెరా కొమ్ములు పెట్టుకుంటున్నరు. ఏ కోటు మంచిది, ఏ సంచి మంచిదని పొద్దంత ఫోన్లల్ల గుసగుస. కొనుక్కోండ్రి, నేనేం వద్దంటలే. నాకు ఒక్కటి చెప్పు బిడ్డా, నీళ్ళు నమలకుంట చెప్పు: రేపు నువ్వు బండి తీసేటప్పుడు, నీ ఎనక కూసునే మనిషి తల మీద ఏముంటది?