పూర్తయిందని పెట్టిన సంతకం

సభకు అధ్యక్షత వహిస్తున్న విద్యాధికారి గారికి, వేదిక మీది పెద్దలకు, ముప్పై నాలుగేళ్ళుగా నా చాదస్తాన్ని ఓపిగ్గా భరించిన తోటి ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, ఈవిడ ఎప్పుడు ఆపుతుందా అని వెనక వరసల్లో గోళ్ళు గిల్లుకుంటున్న నా పిల్లలకు నమస్కారం. (నవ్వులు)

ఇంతసేపూ నన్ను చాలా పొగిడారు. ఈ సుగుణాలన్నీ ఇంట్లో ఎప్పుడూ కనపడలేదే అన్నట్టు మా వారు ముందు వరసలోంచి నా వంకే చూస్తున్నారు. (నవ్వులు) ఆ పొగడ్తల్లో ఒకటి మాత్రం నేను సరిదిద్దాలి. బడులు మూతపడిన కాలంలో కూడా ఇక్కడ పాఠం ఆగలేదని అధ్యక్షులు అన్నారు. నిజమేనండీ, ఆగలేదు. అది పిల్లలకు చేరిందో లేదో మాత్రం మేము చూసుకోలేదు. పదవీ విరమణ చేసి వెళ్ళిపోయే రోజున ఆ సంగతి ఎవరో చెప్పుకోవడం కన్నా నేనే చెప్పడం మర్యాద.

ఆ ఏడాదిన్నరా పెద్ద తరగతులకు భాషాపాఠాలు నేనే ఫోన్లో పంపాను. వంటింట్లో బల్ల మీద పుస్తకం పెట్టుకుని, నా గొంతు రికార్డు చేసి, ఉదయం తొమ్మిదికల్లా పంపేసేదాన్ని. విన్నామని పిల్లలు బొటనవేలి బొమ్మ పెట్టేవారు. ఆ బొమ్మలు చూసుకుని రిజిస్టరులో టిక్కు పెట్టేదాన్ని. ఏడాది చివర, పాఠ్యాంశాలు నూటికి నూరు శాతం పూర్తయ్యాయని రాసి, ప్రధానోపాధ్యాయురాలిగా సంతకం పెట్టి, పై ఆఫీసుకు పంపాను. చక్కటి సంతకం. ఒక్క గీత కూడా వణకలేదు.

బడి తెరిచిన రెండో వారం ఏడో తరగతికి వెళ్ళి, రెండో బెంచీలో ఉన్న అమ్మాయిని పాఠం చదవమన్నాను. పదమూడేళ్ళ పిల్ల. తరగతిలో అందరికన్నా గట్టి గొంతు కాబట్టి పిల్లలు ఆమెను రేడియో అని పిలిచేవారు. లేచి నిలబడి గడగడా చదివింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ గొంతు పెంచాలో అక్కడ పెంచింది, అచ్చం నాలాగే. నాకు ఒళ్ళు పొంగిపోయింది. అలా మూడో పేరా దాకా వచ్చి, అదే గొంతుతో, "ఒక్క నిమిషం పిల్లలూ, తలుపు ఎవరో కొడుతున్నారు" అని కూడా చదివింది. (నవ్వులు)

ఆ రోజు తరగతి కూడా ఇలాగే నవ్వింది. నేనూ నవ్వుతూనే దగ్గరికి వెళ్ళాను. ఆమె చేతిలోని పుస్తకం వేరే పాఠం దగ్గర తెరిచి ఉంది.

బోర్డు మీద 'వర్షం' అని రాసి చదవమన్నాను. చాలాసేపు చూసింది. 'వ' దగ్గర ఆగిపోయింది. తర్వాత నా వైపు తిరిగి, నన్ను ఓదారుస్తున్నట్టుగా, "మీరు ఒక్కసారి చెప్తే వచ్చేస్తుంది టీచర్" అంది.

ఆ వారమంతా మేము పాఠాలు పక్కన పెట్టి, ఆరు నుంచి ఎనిమిది దాకా ఉన్న నూట ఎనభై ఏడు మందినీ ఒక్కొక్కరినే పిలిచి చదివించి విన్నాం. డెబ్భై ఒక్క మందికి మూడో తరగతి పుస్తకం కూడా చదవడం రావడం లేదు. వెంటనే ఉపాధ్యాయులందరితో సమావేశం పెట్టాను. మన లెక్కల మాస్టారు ఏమన్నారో ఆయన ముందే చెప్తాను, ఏమీ అనుకోరు.

"ఇది ఇళ్ళలో జరిగిన నష్టం మేడమ్. ఫోన్ ఇచ్చి వదిలేసింది వాళ్ళు. మన పని మనం చేశాం కదా, ఇప్పుడు మన నెత్తి మీద వేసుకోవడం దేనికి?"

"మాస్టారూ, చదవడం నేర్పడం ఎవరి పని?" అన్నాను.

"మనదే."

"వాళ్ళకి వచ్చిందా?"

ఆయన ఒప్పుకోలేదు. మూడు వారాలు నాతో అవసరం మేరకే మాట్లాడారు.

నేను పాత కాగితాన్ని వెనక్కి తీసుకుంటున్నానని, మా బడిలో చదువు పూర్తి కాలేదని, డెబ్భై ఒక్క మంది పేర్లతో సహా ఆఫీసుకు రాశాను. అప్పటి అధికారి ఫోన్ చేశారు. మీకు ముందు పనిచేసినవారు సార్, మీరు కంగారు పడకండి. (నవ్వులు) "అందరూ పూర్తయిందనే రాశారు, మీ ఒక్కరికే ఎందుకమ్మా ఈ తలనొప్పి?" అన్నారు. మర్నాడు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఉత్తమ పాఠశాల జాబితాలోంచి మన పేరు పోయింది. టీచర్లు బాధపడ్డారు. నాకూ బాధగానే ఉండింది, దాచడం ఎందుకు.

ఇక పని మొదలుపెట్టాం. రోజూ మొదటి రెండు పీరియడ్లు బడి మొత్తానికీ తరగతులు తీసేసి, ఎవరికి ఎంత వచ్చో దాన్నిబట్టి కూర్చోబెట్టాం. మా అందరికీ గురువు ఒకటో తరగతి టీచరమ్మ. అక్షరం ఎలా పట్టించాలో మాలో ఆవిడకొక్కదానికే తెలుసు. పెద్ద చదువులు చదివిన మేమంతా ఆవిడ ముందు కూర్చుని, రంగు కాగితాలు కత్తిరించి గుణింతాలు అతికించాం. నా ఒత్తులు బాగాలేవని రెండుసార్లు మళ్ళీ రాయించింది. (నవ్వులు)

అంతా బాగానే ఉందనుకునేసరికి రేడియో బడి మానేసింది. ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చోబెడితే ఏ పదమూడేళ్ళ పిల్ల వస్తుంది? ఆ మాట మాకు ముందే తట్టాల్సింది, తట్టలేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి కుట్టుపని చేస్తుంది. మిషను ఆపి, మెడలో టేపు తీయకుండానే కుర్చీ వేసింది. "రోజంతా మీ పాఠాలే వినేది మేడమ్. నాకు మొత్తం అప్పజెప్పేది. చదువు వచ్చేస్తోందనుకుని ఎంత మురిసిపోయానో" అంది. ఆ మాటలో నామీద ఒక్క నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

అమ్మాయి గడప దగ్గర నిలబడి ఉంది. "నీకు చదవడం రాకపోవడం నీ తప్పు కాదమ్మా. వచ్చిందని రాసేసింది నేను. తప్పు నాది" అన్నాను.

"అయితే మీరు కూడా ఆ చిన్న బెంచీ మీద కూర్చుంటారా?" అని అడిగింది.

"కూర్చుంటాను."

"రోజూనా?"

"రోజూ."

నాలుగు నెలలు కూర్చున్నాను. ఆ బెంచీలు ఎంత ఎత్తుంటాయో మీకు తెలుసు, నా మోకాళ్ళ సంగతీ తెలుసు. (నవ్వులు) మొదటి నెలంతా చుట్టూ ఉన్న చిన్నపిల్లలు ఆమెను కాదు, నన్ను చూసి నవ్వారు. అది ఆమెకు చాలా నచ్చింది. ఐదో వారమో, ఆరో వారమో, ఎప్పుడూ వినని ఒక చిన్న కథను ఆమె వేలు పెట్టుకుని, కూడబలుక్కుంటూ, పది నిమిషాలు చదివింది. ఆ గట్టి గొంతు ఎక్కడికి పోయిందో, పక్కనున్న నాకే సరిగా వినపడలేదు. అందులో నా విరుపు ఒక్కటీ లేదు. అన్నీ తనవే. నేను చాలామంది గొప్ప వక్తలను విన్నాను. అంత శ్రద్ధగా మాత్రం ఎవరినీ వినలేదు.

ఏడాది తిరిగేసరికి అరవై రెండు మంది చదివారు. మరుసటి ఏడాదికి ఇంకో ఆరుగురు. ముగ్గురు మాత్రం కుటుంబంతో ఊరు మారి వెళ్ళిపోయారు. వాళ్ళను ఎవరైనా కూర్చోబెట్టి చదివించారో లేదో నాకు తెలియదు. చదివించి ఉంటారని అనుకోవడం తప్ప ఏం చేయగలను? రేడియో ఇప్పుడు కాలేజీలో ఉంది. పరీక్షలున్నాయని ఈ రోజు రాలేదు. రానందుకే నాకు ఎక్కువ సంతోషం.

నేను చాలా ఏళ్ళు మంచి ఫలితాలు చూసి గర్వపడ్డాను. ఇప్పుడు ఆ ఫలితాల కన్నా, మాకు తెలియలేదని ఒప్పుకుని మళ్ళీ అక్షరాల దగ్గర మొదలుపెట్టిన ఈ ఉపాధ్యాయులను చూస్తేనే ఎక్కువ గర్వంగా ఉంది. పిల్లలు వెనకబడితే ఇంటిని అనవచ్చు, ఫోన్‌ను అనవచ్చు, కాలాన్ని అనవచ్చు. అన్నీ అన్నాక కూడా, పిల్ల పొద్దున్నే వచ్చి కూర్చునేది మన ముందే.

నా తర్వాత వస్తున్న ప్రధానోపాధ్యాయుల వారికి ఒక మాట. మొన్న కొత్తగా ఆరో తరగతిలో చేరినవాళ్ళను చదివించి విన్నాను. అక్షరాలు దిద్దాల్సిన ఏడాది ఫోన్ ముందు కూర్చున్న పిల్లలు వీళ్ళు. ఇరవై ముగ్గురికి ఇంకా సరిగా రావడం లేదు. వేరే బడుల నుంచి వచ్చారు కదా అనవద్దు. చేరిన రోజు నుంచి వాళ్ళు మన పిల్లలే. వాళ్ళ జాబితా స్టాఫ్ రూములో గోడకు అంటించాను, మీరు రాగానే ఎవరెవరిని ఎవరికి అప్పగించాలో చూసుకుంటారని. ఈ రోజు పొద్దున వెళ్ళి చూస్తే పదకొండు మంది పేర్ల పక్కన లెక్కల మాస్టారు ఎవరూ అడగకుండానే తన పేరు రాసేసుకున్నారు. మిగిలినవాళ్ళను ఒకటో తరగతి టీచరమ్మ రాసుకుంది.

నాకంటూ ఒక్క పేరు కూడా మిగల్చలేదు. మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నేను నిశ్చింతగా వెళ్ళవచ్చు. సెలవు.