రెండు మైళ్ళ దమ్ము

ఊపిరి గట్టిగ పీల్చుమంటరు, మళ్ళ మాట్లాడొద్దంటరు. మాట్లాడకుంటె నా బాధ మీకెట్ల తెలుస్తది డాక్టర్ సాబ్? ఆ గొట్టం చెవుల్నించి జర తియ్యుండ్రి. ముందు నా మాట వినుండ్రి, తర్వాత నా గుండె చప్పుడు విందురు.

చీటి మీద రామచంద్రం, యాభై రెండేండ్లు అని రాసిండ్రు. సరిగ్గనే రాసిండ్రు. చుట్ట లేదు, బీడి లేదు, కల్లు ముట్ట. కోడి కూసేటాల్లకు లేస్త. చన్నీళ్ళ తానం, రెండు పూటల జొన్నరొట్టె. అసొంటోడు ఉరికితె ఎద మీద బస్తా పెట్టినట్టు ఎందుకైతాంది? గది చెప్పుండ్రి.

ఎందుకు ఉరుకుతున్నవని అడుగుతున్నరా? అందరు గదే అడుగుతరు.

పోయినేడు చైనా లడాయి వచ్చింది గదా. పంచాయతి రేడియో కాడ కూసోని రోజూ వింటిమి. అప్పుడు నాకు అనిపించింది, రేపు సర్కారు మనల్ని గూడ రమ్మంటె మా ఊర్లె ఎందరు మైలు దూరం ఉరుకుతరు? వయసు పిల్లలు చేను చెలకకాడికి పోను గూడ సైకిల్ కిరాయికి తెచ్చుకుంటున్నరు. రోజూ ఉరకాలె అని నలుగురికి చెప్పిన. నవ్విండ్రు. చెప్పేటోడు ముందు చేసి చూపెట్టాలె గదా సాబ్. లడాయి ఆగింది గని నేను ఆగలె.

మొదటి దినం సడక్ మీద ఉరుకుతుంటె మా పక్కింటి మైసయ్య చూసిండు. నేను దొంగను తరుముతున్న అనుకొని కట్టె పట్టుకొని నా ఎనుక ఉరికొచ్చిండు. తూము కాడ నేను కూలబడ్డంక, దొంగ ఏ దిక్కు పోయిండని అడుగుతడు. దొంగ లేడురా, ఆరోగ్యానికి ఉరుకుతున్న అని చెప్పేటందుకు నాకు దమ్ము లేదు. ఉత్తగ చెయ్యి ఊపిన. ఆ చెయ్యి ఊపిన దిక్కు పోయి, గంటసేపు కందిచేన్లన్ని ఎతికొచ్చిండు.

నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఊరంత నవ్వింది.

నవ్వులకు నాకు ఫికర్ లేదు. ఫికరంత రేపటిది. రేపు పొద్దుగాల నలుగురి ముంగట నా మాట పోయేటట్టున్నది.

మా కొడుకు భిక్షపతికి మొన్న ఎండాకాలం పెండ్లి చేసినం. కోడలు మంజులది షాద్‌నగర్. పుట్టింట్ల పొద్దున లేస్తనే చాయ్ అలవాటు. మా ఇంట్లకు చాయ్ రాలె, నేను రానియ్యలె. గిలాసెడు రంగునీళ్ళు కడుపుల పడితెనే కాలు కదులుతదనేటోడు రేపు ఏం పని చేస్తడు? నా మాట గది. ఆ పిల్ల ఎదురు చెప్పలె. చాయ్ లేక తలనొస్తె నెత్తికి గుడ్డ బిగించుకొని పని చేసుకుంట పోతాంది. మా ఇంటామె అండాలు చూసి చూసి ఒకనాడు బయటపడ్డది.

"నీ నియమం మాకు చెప్పుడు గాదు. ఇంటికాడికెల్లి మైలురాయి దాక ఉరికి, నడుమ ఆగకుంట మళ్ళ ఇంటికి రా. వస్తె చాయ్ మాటెత్తం. ఆగినవా, పొయ్యి మీద గిన్నె పెడ్త."

వాకిట్ల నలుగురున్నరు సాబ్. సరే అన్న. మైసయ్య సాక్షి. సైకిల్ మీద నా ఎనుక వస్తడట.

పోవుడు మైలు, వచ్చుడు మైలు. పందెం కట్టినకాడికెల్లి ఇరువై దినాలు ఉరికిన. ఇరువై దినాలు గా తూము కాడనే కూలబడ్డ. మైలురాయి మొఖం ఒక్కనాడు చూడలె.

ఇగ చూడుండ్రి. అంగీ లేపాల్నా? లేపిన.

ఇదా? ఇది నడికట్టు. ఏడు మూరల గుడ్డ. మోట కొట్టంగ, బస్తాలెత్తంగ నడుము పట్టకుంట చుట్టుకోవాలని మా బాపు నేర్పిండు. ఉరికేటందుకైతె ఇంకింత బిగిస్త. మైసయ్య ఒక కొస పట్టుకొని గుంజుతడు, నేను గిర్రున తిరుగుత, బొడ్డుకాడికెల్లి డొక్కల దాక. బిగించకుంటె బలమెట్ల నిలుస్తది?

ఇప్పాల్నా?

ఇప్పిన. ఆగుండ్రి. ఇదేంది సాబ్, గాలి కడుపు దాక పోతాంది.

బయట ఆ యాపచెట్టు చుట్టు ఉరకాల్నా, గింతమంది రోగుల ముంగట? మాట్లాడుకుంట ఉరకాల్నా? మాట తెగితె అడుగు నెమ్మది చెయ్యాల్నా? ఉరుకుడంటె పాణం పోయేటట్టు ఉరుకుడే అనుకున్న ఇన్ని దినాలు. సరే, కిటికిల నుంచి వినుండ్రి.

ఒకటి. గా బల్ల మీద కూసున్నామె కొంగు అడ్డం పెట్టుకున్నది, నవ్వితె నవ్వనీ. రెండు. ఈడ మన్ను మెత్తగున్నది, మా సడక్ అంత కంకర. మూడు. మొదలు నేను మోటెద్దు తీర్గ ఎగేసుకుంట ఉరుకుతుంటి. నాలుగు... ఎనిమిది... పది. సాబ్, పది చుట్లు. చెమట పట్టింది గని మాట తెగలె. అండాలు చూస్తె, నీకు నోటిల దమ్ము ఎన్నడు తక్కువైందంటది.

మందు లేదా? రోగం లేదా? గుండె మంచిగనే కొట్టుకుంటాంది?

జర తలుపు దగ్గరికెయ్యుండ్రి. ఒక మాట చెప్పాలె.

నేను మందు కోసం రాలె సాబ్. చీటి కోసం వచ్చిన. ఈ మనిషి గుండె మంచిగ లేదు, ఉరకొద్దు అని మీతోని రాయించుకుందామని వచ్చిన. అబద్ధమాడద్దని ఊరందరికి చెప్పేటోణ్ణి నేను. కల్వకుర్తి బస్సుల కూసోని దారి పొడుగున దగ్గుడు నేర్చుకున్న. మీరు గొట్టం పెట్టంగనె దగ్గిన గదా, అది దొంగ దగ్గు.

రాయకుండ్రి. నేను బతిమాలినా రాయకుండ్రి.

నన్ను ఈడికి తోలిందెవరో తెలుసా? కోడలే. నిన్న నేను కూలబడి వచ్చి అరుగు మీద ఎగపోసుకుంట ఉంటె నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. "మామా, మిమ్ముల చూస్తె భయమైతాంది. దవాఖానల చూపించుకోండ్రి. చాయ్ లేకున్న నాకేం గాదు" అన్నది. నేను ఓడితె ఆమెకే లాభం గదా. ఆ పిల్ల నా ఊపిరి సంగతి చూసింది. ఆమె తలనొప్పి సంగతి నేను ఒక్కనాడు అడగలె. నా నియమం నన్ను ఏం మనిషిని చేసిందో నిన్నటిసంది సమజైతలేదు.

రేపు ఉరుకుత. నడికట్టు లేకుంట, నెమ్మదిగ, మైసయ్యతోని మాట్లాడుకుంట ఉరుకుత. నడుమ ఆగ. గెలిచి వచ్చినంక నేనే చాయ్ గిన్నె పెట్టుమంట. ఓడి పెట్టిస్తె అది అండాలు పెట్టిన చాయ్ అయితది. నాకు గింతన్న మిగలాలె గదా.

పోతున్న సాబ్, బస్సుకు టైమైతాంది. ఒక్క సంగతి. ఒక మనిషికి చాయ్ పొడి ఎంత పడ్తది? దుకాన్ల అడుగుదామంటె సిగ్గైతాంది. అండాలు గూడ తాగుతదేమో, ఇద్దరికి చెప్పుండ్రి. భిక్షపతి పెండ్లాం తాగుతుంటె చూసుకుంట కూసోడు. ముగ్గురికి.

ఏంది, గట్ల చూస్తున్నరు?

సరే, నలుగురికే చెప్పుండ్రి.