అక్క పేరున్న కాయితం

నా పేరు చెన్నకేశవులు. తండ్రి చంద్రయ్య, ఇప్పుడు లేడు. నా వయసు పదిహేడు. మాది మహబూబ్‌నగర్ జిల్లా, కోస్గి మండలం. మాదాపూర్‌లో కడుతున్న కంప్యూటర్ల బిల్డింగులో ఇనుప చువ్వలు కట్టే పని చేస్తున్నాను. సైటు వెనక రేకుల గుడిసెలో మా అక్క మమత, బావ స్వామితో కలిసి ఉండేవాడిని. మూడో తరగతి వరకు చదివాను. కూడబలుక్కుని చదవగలను.

ఈ రోజు 21-8-98 శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు నా అంతట నేనే కూకట్‌పల్లి ఠాణాకు వచ్చి ఎస్సై యజ్ఞనారాయణ గారి ముందు చెబుతున్నాను. మా అక్క 19వ తేదీ బుధవారం చనిపోయింది. డాక్టర్ జయలక్ష్మి గారు సరిగా చూడకుండా పంపించినందుకే చనిపోయిందని మా బావ, సైటు మేస్త్రీ రామన్న నిన్న కేసు పెట్టారు. అక్కను ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది నేను. బావ రాలేదు. మేస్త్రీ రాలేదు. ఆ గదిలో ఏం జరిగిందో వాళ్లకు తెలియదు.

సైటులో మా అక్క పేరు అంజమ్మ. అసలు అంజమ్మ మా ఊరామె, ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఏప్రిల్‌లో పని మానుకుని ఊరికి పోయింది. కొత్త మనిషికి కంపెనీ కార్డు రావాలంటే నెలలు పడుతుందని మేస్త్రీ ఆమె కార్డు అక్కకు ఇచ్చాడు. దాని మీద ఫోటో లేదు. గేటు దగ్గర అక్క అంజమ్మ అని చెప్పి లోపలికి పోయేది. మా బావ ఇంట్లో కూడా "ఏం అంజమ్మా, బువ్వ అయిందా" అని ఎగతాళి చేసేవాడు. అక్క నవ్వేది.

జూలైలో అక్కకు నెల తప్పింది. ఆగస్టు 3వ తేదీ సోమవారం పొద్దున చిన్న సీసాలో మూత్రం పట్టి నాకు ఇచ్చి బోరబండలో ల్యాబుకు తీసుకుపొమ్మంది. బావ నీళ్ల ట్యాంకరు డ్రైవరు, బండి మీద పోయాడు, అక్కకు డ్యూటీ ఉంది. నేను సీసాను పేపరులో చుట్టి, సంచిలో పెట్టుకుని పోయాను. ల్యాబు ఆయన ఏం పరీక్ష అని అడిగితే చెప్పడానికి సిగ్గేసింది. అక్క రాయించిన చీటీ ఇచ్చాను. పేరు అడిగితే మమత అని చెప్పాను. అక్కడ కార్డు గొడవ లేదు. కాయితం మీద మమత, ఇరవై ఏళ్లు అని రాసి, గర్భం ఉంది అని చెప్పాడు. అక్క ఆ కాయితాన్ని నాతో మూడుసార్లు చదివించుకుంది. మిగతాదంతా ఇంగ్లీషు, నేను చదవగలిగింది తెలుగులో రాసిన పేరు ఒక్కటే. గుడిసెలో వాన కురుస్తుందని దాన్ని నాలుగు మడతలు పెట్టి నన్నే దాచమంది. అప్పటి నుంచి అది నా చొక్కా జేబులోనే ఉంది.

11వ తేదీ మంగళవారం పదకొండు గంటలకు మూడో అంతస్తులో స్లాబుకు నీళ్లు కొడుతుంటే అక్కకు రక్తం పోయింది. గేటు పక్కన కంపెనీ డాక్టరు కూర్చుంటాడు. కార్డు చూపిస్తేనే చూస్తాడు. అందుకని అంజమ్మ పేరు మీదే చూపించుకుంది. మర్నాడు స్కానింగ్ తీయించారు. గర్భసంచిలో ఏమీ లేదు, పోయింది, దానంతటదే శుభ్రమైంది, కడిగే పని కూడా లేదు అని చెప్పి మాత్రలు ఇచ్చారు. ఆ స్కానింగ్ కాయితం మీద అంజమ్మ, ముప్పై అయిదేళ్లు అని ఉంది.

బావ అక్కను పనికి పోవద్దన్నాడు. రోజూ ట్యాంకరులో కొబ్బరిబొండాం తెచ్చేవాడు. మళ్లీ అవుతుందిలే అనేవాడు. కానీ అక్కకు కడుపులో ఎడమ పక్క నొప్పి తగ్గలేదు. పొద్దున పూట వాంతులు కూడా ఆగలేదు. 18వ తేదీ మంగళవారం మధ్యాహ్నం నేను అన్నానికి వస్తే అక్క నాతో అంది.

"పోయినంక గూడ వాంతులు ఎందుకైతున్నయిరా తమ్మీ? నాకెందుకో ఉన్నదనిపిస్తుంది. ఇంకో డాక్టరుకు జర చూపెడ్తే తెలుస్తది."

బావకు చెబుదామంటే వద్దంది. లేదని ఇంకొకసారి చెప్తే బావ పరేషాన్ అవుతాడంది. నేను మేస్త్రీని అడిగి సగం రోజు సెలవు తీసుకున్నాను. మేస్త్రీ ఏ దవాఖానకు పోయినా కార్డు మీద పేరే చెప్పమన్నాడు. దవాఖానవాళ్లు కంపెనీకి ఫోను చేస్తారని, రెండు పేర్లు బయటపడితే ముగ్గురినీ గేటు బయట పెడతారని చెప్పాడు. నేను నమ్మాను.

సాయంత్రం అయిదుంపావుకు కేపీహెచ్‌బీ కాలనీలో జయలక్ష్మి డాక్టరమ్మ దవాఖానకు చేరాం. ఆడ డాక్టరు ఉందని అక్కే అక్కడికి పోదామంది. మాది పద్నాలుగో నంబరు. ఆరున్నరకు పిలిచారు. గదిలో డాక్టరమ్మ, అక్క, నేను, ముగ్గురమే ఉన్నాం.

డాక్టరమ్మ పేరు అడిగింది. అక్క నా వైపు చూసింది. అంజమ్మ అని నేను చెప్పాను. వయసు ముప్పై అయిదు అని చెప్పాను. డాక్టరమ్మ అక్కను చూసి, ఇరవై కూడా కనపడటం లేదే అని నవ్వింది. అక్క కూడా నవ్వింది. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి కడుపు నొక్కింది. ఎడమ పక్క నొక్కితే అక్క డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. స్కానింగ్ కాయితం ఇచ్చాను. అంతా చదివి నన్ను అడిగింది.

"నెల తప్పాక పరీక్ష ఏమన్నా చేయించారా బాబూ? ఆ కాయితం ఉందా?"

లేదు అన్నాను.

"కంగారు పడకుండా చెప్పు. గర్భం వచ్చిన మాట నిజమని తెలిస్తే ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపించేస్తాను. ఇంట్లో అయినా ఉందేమో గుర్తు చేసుకో."

నేను తల అడ్డంగా ఊపాను. కాయితం నా జేబులోనే ఉంది. ఇస్తే మమత అన్న పేరు చూస్తుంది. నా చెయ్యి జేబు మీదే ఉంది. అక్క నేల చూస్తోంది.

డాక్టరమ్మ, ల్యాబు అబ్బాయి వెళ్లిపోయాడు, పొద్దున మొదటి మూత్రం పట్టుకుని ఎనిమిదిన్నరకల్లా రండి అని చెప్పింది. నొప్పి ఎక్కువైతే పొద్దుటిదాకా ఆగవద్దని రెండుసార్లు చెప్పింది. చీటీ మీద తన ఇంటి ఫోను నంబరు కూడా రాసింది.

బయటికి వచ్చాక అక్క మెట్ల మీద కూర్చుంది. ఉన్నదో లేదో డాక్టరమ్మ చెప్పలేదు కదా అంది. రేపు చెప్తుంది అన్నాను. అక్క చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

"నువ్వు మంచిగనే చేసినవ్ తియ్. పని పోతే యాడికి పోతం" అంది.

19వ తేదీ పొద్దున ఏడున్నరకు అక్క అదే సీసా కడిగి, పట్టి ఇచ్చింది. డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరి గేటు దాటుతుంటే అక్క కింద పడిపోయింది. గేటు దగ్గరి అతను అంజమ్మ పడిపోయిందని అరిచాడు. బావ పరుగెత్తుకొచ్చాడు. ట్యాంకరు ముందు సీట్లో అక్కను నా ఒళ్లో పడుకోబెట్టుకుని పెద్ద దవాఖానకు పోయాం. తొమ్మిది అయింది. అక్క చేతులు చల్లగా ఉన్నాయి. దారిలో సీసా మూత ఊడి నా ప్యాంటు తడిసింది.

అక్కడి డాక్టరు కాయితాలు అడిగితే రెండూ ఇచ్చేశాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి, ఇవి ఒక్క మనిషివేనా అని అడిగాడు. అవునన్నాను, నిన్న సాయంత్రం డాక్టరమ్మకు చూపించామని కూడా చెప్పాను. పిల్ల గర్భసంచిలో కాకుండా పక్క గొట్టంలో పెరిగిందని, అది పగిలి కడుపంతా రక్తం నిండిందని చెప్పాడు. ఒక కాయితంలో గర్భం ఉందని, ఇంకోదాంట్లో సంచి ఖాళీ అని ఉంది, రెండూ కలిపి చూస్తే నిన్ననే తెలిసేది అన్నాడు. అప్పుడు బావ పక్కన లేడు, రక్తం కోసం పోయాడు. పది గంటల యాభై అయిదు నిమిషాలకు ఆపరేషన్ గదిలో అక్క చనిపోయింది.

నిన్న 20వ తేదీ పొద్దున పదకొండు గంటలకు బావ, మేస్త్రీ, సైటు నుంచి ఇరవై మంది దాకా డాక్టరమ్మ దవాఖానకు పోయారు. నేను అందరి వెనక నిలబడ్డాను. డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"పరీక్ష కాయితం ఉందా అని రెండుసార్లు అడిగానండి. ఆ అబ్బాయే లేదన్నాడు" అంది.

అందరూ నా వైపు తిరిగారు. బావ నా దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"అడిగిందారా కేశవులూ? నువ్వు చెప్పు, భయపడకు."

అడగలేదు అన్నాను. ఆ తర్వాతే రాళ్లు వేశారు. ముందు గది అద్దాలు పగిలాయి. లోపల కూర్చున్న ఒక ముసలామెకు నుదుటి మీద గాయమైంది. నేను రాయి వేయలేదు. కానీ అవునని చెప్పి ఉంటే ఎవరూ వేసేవాళ్లు కాదు.

ఎవరు చెప్పమంటే అబద్ధం చెప్పావని ఎస్సై గారు అడిగారు. పేరు మార్చి చెప్పమన్నది మేస్త్రీ. కాయితం దాచమని మేస్త్రీ అనలేదు, ఆయనకు ఆ కాయితం సంగతే తెలియదు. అక్క అనలేదు. నిన్న అడగలేదని చెప్పమని కూడా ఎవరూ అనలేదు. రెండుసార్లూ నేనే చెప్పాను. డాక్టరమ్మ తప్పు లేదు.

మా బావకు ఈ సంగతి ఇంకా తెలియదు. కేసు పని మీద పిలిస్తే వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. నేను కూడా కేసు గట్టిగా చెప్పడానికే వచ్చాననుకుని, లోపలికి వచ్చేముందు నాకు చాయ్ తాగించాడు. ఇది చదివేటప్పుడు ఆయనను లోపలికి పిలవమని అడుగుతున్నాను. నా నోటితో నేను చెప్పలేను.

పైన రాసిన ప్రతి మాటా నేను చెప్పిందే. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. మా బావ స్వామిని లోపలికి పిలిచి, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించారు. చదవడం సగంలో ఉండగా ఆయన లేచి బయటికి పోయాడు. నేను చివరి వరకు విన్నాను. అంతా నిజం. మార్చాల్సింది ఏమీ లేదు.

సంతకం: చెన్నకేశవులు