పెదనాన్న మొహం మసగ్గా పడిన ఫోటో

ఏమిటీ, కంప్యూటర్లో పెట్టిస్తే మా పెదనాన్న మొహం తేటగా వచ్చేస్తుందా? ఎవరన్నారే, మీ స్నేహితురాలా? పనిమంతురాలే, కాదనను. కానీ వద్దమ్మా, ఆ ఫోటో జోలికి పోకండి. ఇలా ఇవ్వు ముందు. వేళ్ళు పెట్టకు, అంచులు పట్టుకో. కూర్చో, నీ ఫోను ఎక్కడికీ పారిపోదు. దీన్ని తీసినాయన్ని ఊళ్ళో అందరూ ముసుగాయన అనేవాళ్ళు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. ఎప్పుడూ కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకునే ఉండేవాడు, మొహం కన్నా వీపే ఎక్కువమందికి తెలుసు. కెమెరా అంటే నీ చేతిలోది లాంటిదనుకునేవు! మూడు కాళ్ళ మీద చిన్న ట్రంకుపెట్టంత ఉండేది. ముందు లెన్సు, వెనక గరుకు గాజుపలక, మధ్యలో మడతల తోలు తిత్తి. ఆ పలక మీద మనుషులు తలకిందులుగా పడతారట. "నా దగ్గర పెద్దా చిన్నా లేదండీ, అందరూ తలకిందులే" అనేవాడు గుడ్డలోంచి. మనకి ఆయన నవ్వు కనపడదు, గుడ్డ ఊగడమే కనపడేది.

ఆఁ, ఏం చెబుతున్నా? పెదనాన్నకి ఆఫీసులో పెద్ద పదవి వచ్చింది. ఇంటిల్లిపాదికీ ఫోటో అన్నాడు. ఇంట్లో ఆయన మాటే మాట. మా నాన్న సంగతా? అన్నయ్య ముందు నోరు విప్పాలన్నా అన్నయ్యనే అడిగే రకం! అమ్మకేమో అప్పుడు దగ్గు జబ్బు. హాలు చివరి గదిలో ఉంచేశారు. నన్ను ఆ దరిదాపులకి పోనిచ్చేవాళ్ళు కాదు. తప్పనను, పసిపిల్లకి అంటుకుంటుందని భయం. కానీ నాకు అమ్మంటే ఆ తలుపు వెనక దగ్గే. మొహం గుర్తులేదు. ఆ రోజు పెదనాన్న అన్నాడట, "ఆవిడ రానక్కర్లేదు, లోపలే ఉండమనండి" అని. నాన్న తల ఊపాడట. ముసుగాయన విన్నాడు. "హాల్లోకి వెలుగు చాల్లేదండీ, ఆ చివరి గది తలుపు తీసి ఉంచండి" అన్నాడంతే. నన్ను ముందు, ఎడమ పక్కన పీట మీద కూర్చోబెట్టాడు. నాన్నని, పెద్దమ్మని, అత్తయ్యని నా వెనక దూరంగా గోడ దగ్గర నిలబెట్టాడు. పెదనాన్న కుర్చీని కుడివైపుకి జరిపించాడు. "ఇంకాస్త అయ్యగారూ, ఇంకొక్క రవ్వ..." అంటుంటే పెదనాన్న, "ఏమయ్యా, నన్ను వీధిలోకి పంపి తీస్తావా?" అన్నాడట. అప్పుడు నడుమ ఖాళీలోంచి ఆ తలుపు కనపడింది. తలుపులో అమ్మ. ఎవరూ వెనక్కి తిరగలేదు. చూసింది గుడ్డలో ఉన్నాయన ఒక్కడే.

ఫోటో వచ్చాక చూడాలి మా ఇంట్లో పెదనాన్న వీరంగం! "నా మొహం మీద తడిగుడ్డ పెట్టి తుడిచావా? కోటేసుకుని కూర్చుంది నేనయ్యా! గదిలో ఉన్నావిడ కనురెప్పలు లెక్కపెట్టొచ్చు, నా మీసం ఏదీ?" ముసుగాయన చేతులు కట్టుకుని, "మీరు కదిలారండి. ఆవిడ కదల్లేదు" అన్నాడు. ఎంత గద్దించినా అదే మాట. పెదనాన్న ఊరుకుంటాడా? ముసుగాయనకి చూపు పోయిందని ఊరంతా చాటాడు. కొన్నాళ్ళు పెద్దిళ్ళవాళ్ళెవరూ ఆ స్టూడియో గడప తొక్కలేదు. అయినా ఆయన అసలు సంగతి బయట పెట్టలేదమ్మా. పెదనాన్న విసిరికొట్టిన ఫోటోని నాన్న ఏరి, తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాడు. అన్నయ్యని అడక్కుండా ఆయన చేసిన పని అదొక్కటే. పోయేదాకా అది అమ్మ దిండు కిందే ఉందట.

నాకెలా తెలిసిందంటావా? ఉద్యోగానికి ఫోటో కావాల్సి వచ్చి ఆయన దగ్గరికే వెళ్ళా. ముసలాడైపోయాడు, చూపు నిజంగానే మందగించింది పాపం. ఫలానావాళ్ళ అమ్మాయినని చెప్పగానే, "ఇలా రా" అని నన్ను ఆ గుడ్డలో దూరమన్నాడు. చీకట్లో గాజు మీద వీధి తలకిందులుగా నడుస్తోంది! చెప్పాడు: "లెన్సులో కన్నం చిన్నది చేస్తే దగ్గరదీ దూరందీ అన్నీ తేటగా పడతాయి అమ్మాయ్. కానీ వెలుగు తక్కువ, చాలాసేపు బొమ్మల్లా కూర్చోవాలి. నువ్వా, పీట మీద నిలవవు. మీ అమ్మా, దగ్గు ఆపుకోలేదు. అందుకని కన్నం పెద్దది చేసి, చిటికెలో తీసెయ్యాలి. అప్పుడు తేటగా పడేది ఒకే దూరంలో ఉన్న సన్నటి పట్టీ అంతే. అది మామూలుగా కెమెరాకి ఎదురుగా అడ్డంగోడలా ఉంటుంది. లెన్సుని కాస్త పక్కకి తిప్పితే ఆ గోడ కూడా ఏటవాలుగా తిరుగుతుంది. నీ పీట దగ్గర్నుంచి మీ అమ్మ తలుపు దాకా తిప్పాను. దానికి ఇటూ అటూ ఉన్నవాళ్ళు మసకైపోయారు. మీ పెదనాన్నతో అబద్ధమాడాను, ఆయనేం కదల్లేదు." గుడ్డలో ఉన్నా కాబట్టి సరిపోయింది, నా ఏడుపు ఆయనకి కనపడలేదు. ఆయన్ని తలుచుకోని రోజు లేదే నాకు. మా అమ్మని నాకిచ్చింది ఆయనే. అంత చేసి, ఆ రోజు నాకు చెప్పిందేమిటో తెలుసా? "గడ్డం కాస్త పైకెత్తు, ఉద్యోగం రావాలి కదా!"

ఆ భూతద్దం అందుకో. అమ్మ శాలువా అంచు కుట్లు కూడా కనపడుతున్నాయి కదూ. చూపెటుందో చూడు. కెమెరా వైపు కాదు, నా వైపు. నేనేమో ముసుగాయన ఆడిస్తున్న తాళంగుత్తిని చూస్తున్నా, మొద్దుమొహాన్ని. తిరిగి చూసుంటే అమ్మని చూసేదాన్ని. కానీ కదిలిపోయేదాన్ని, ఇది దక్కేది కాదు. నువ్వు పెదనాన్నని తేటగా చేయించావనుకో, ఎవరైనా ముందు ఆయన్నే చూస్తారే. ఆయన్ని అలాగే ఉండనివ్వు. అమ్మ నన్ను చూసుకుంటోంది, చూసుకోనీ...

పొయ్యి మీద పాలు పెట్టావా? వెళ్ళి చూడు, పొంగుతున్నట్టున్నాయి.