మీ అమ్మమ్మ మెట్లకి లైటు పెట్టిన కత

"తాతా, కుదుదండ్‌లో మా ఇంటి పెరటికి లైట్లు ఈ వారం ఫైనల్ చెయ్యాలి. ఫోన్లో నాలుగు చూసుంచాను. కౌన్సా లగానా హై, ఏది పెట్టాలో నువ్వు చెప్పు."

ఏట్రా, నన్నడుగుతున్నావా? ముప్పై నాలుగేళ్లు రైల్లో గార్డు ఉజ్జోగం చేసినోణ్ణి, దీపాల గురించి నన్ను కాక ఇంకెవుల్ని అడుగుతావులే. ఇలా తే, చూడనీ. ఊఁ. ఇది బాగుంది. ఇదీ బాగుంది. గేటు స్తంభాల మీద గుండ్రంగా, గోడ పొడుగునా వరసగా... రోడ్డు మీంచి చూస్తే పెళ్లివారిల్లులాగుంటాది. సరే గానీ, పొద్దున్న మీ అమ్మ కుళాయి దగ్గరికి ఎటునుంచి నడుస్తాది? కుడి పక్క నుంచా, ఎడం పక్క నుంచా?

తెలీదు కదా. అచ్ఛా. అయితే ఫోను పక్కనెట్టు. కూసో. నేను చేసిన బుద్ధితక్కువ పని ఒకటి చెప్తాను, విన్నాక నీ ఇష్టం.

ఈ ఉస్లాపూర్ ఇల్లు నేను రిటైరయ్యాక కట్టింది. అప్పటిదాకా క్వార్టరే మనకి. నువ్వు పుట్టింది కూడా క్వార్టర్లోనే, కాదు కాదు, నువ్వు కాదు, మీ అక్క. క్వార్టర్లో నీళ్లగదీ అదీ పెరటి చివర ఉండీవి. వరండాకి ఒక్క బల్బు. అప్పుడు బల్బు రూపాయిన్నరో ఏటో, అది మాడిపోతే మళ్లీ జీతం దాకా లాంతరే. మీ అమ్మమ్మకి ఆ పెరటి స్నానం అలవాటు పోలేదు. ఇక్కడ ఇల్లు కడుతున్నప్పుడు, నీళ్లగది వెనకాలే ఉండాలంది. నలుగురూ తినే ఇంట్లో స్నానాలేటి అంది. తరవాత మీ మావయ్య లోపల కూడా ఒకటి కట్టించాడనుకో, టైల్సూ, గీజరూ అన్నీ. ఆవిడ అటు చూడనైనా చూళ్లేదు. తెల్లారగట్ల కట్నీ లైన్లో గూడ్సు వెళ్తాది చూడు, దాని చప్పుడికి లేస్తాది. వెనక తలుపు తీసి, నాలుగు మెట్లు దిగి, నీళ్లు పట్టుకుని, స్నానం చేసి, తులసికి నీళ్లు పోసి, మందారాలు కోసుకుని వస్తాది. ఆ గంట ఆవిణ్ణి ఎవులూ పలకరించరు, ఆవిడా ఎవులితో మాటాడదు. పెళ్లైన కాణ్ణుంచీ నేను చూస్తున్నాను. రోజంతట్లో ఆ గంటే ఆవిడ సొంతం.

తరవాత కళ్లొచ్చాయి కదా మధ్యలో. మత్లబ్, కళ్ల జబ్బు. ఒక కంటికి శుక్లం తీయించాం, అది పర్లేదు. రెండోదానికి లోపల ఒత్తిడంట, పోయిన చూపు మరి రాదన్నాడు డాక్టరు, ఉన్నది కాపాడుకోండన్నాడు. చుక్కలు వేస్తున్నాం రోజూ. పగలు బానే తిరుగుతాది. మసక మొదలైతేనే ఇబ్బంది.

మీ మావయ్యకి భయం పట్టుకుంది. వాడి ఆఫీసులో ఎవులి తల్లో మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుందంట, ఆర్నెల్లు మంచంలోనే ఉందంట. వాడేం చెడ్డోడు కాదు, భయస్థుడు. వెనక తలుపుకి తాళం వేసీస్తానన్నాడు. లోపల అన్నీ ఉన్నాయి కదమ్మా, నీకేటి కష్టం అన్నాడు. మీ అమ్మమ్మ రెండ్రోజులు వాడితో మాటాడలేదు. మూడోనాడు నాకు అన్నం వడ్డిస్తూ, వాడు ఎదురుగానే ఉన్నాడు, కానీ వాడితో కాదు, నాతో చెప్పింది.

"ఏవండీ, పెరట్లో ఒక లైటు పెట్టించండి. లైటుండి కూడా నేను ఒక్కసారి తూలితే తాళం వేసుకోమనండి. మరి నేనడగను."

మీ మావయ్య ఠీక్ హై అన్నాడు. లైటు తెచ్చీ పని నాకు పడింది.

ఇంక చూసుకో నా దర్జా. గార్డంటే ఏటనుకున్నావు, దీపం లేకపోతే గార్డు లేడు. చేతి దీపంలో తెల్లది, ఎర్రది, పచ్చది తిప్పుకోడానికి ఉండీది. స్టేషను దాటేటప్పుడు ఆఖరి పెట్టె, బ్రేక్ వ్యాన్లోంచి ఊపితే, అక్కడ స్టేషను మాస్టరు ఊపీవాడు. బండి చివర టెయిల్ ల్యాంపు కనిపించకపోతే ఇంకో బండిని ఆ లైన్లోకి ఒగ్గరు. వానలో, పొగమంచులో, దూరం నుంచి కనిపించాలి, అదీ దీపమంటే. నా బుర్రలో అదే ఉండిపోయింది. షాపుకెళ్లి ఏది పెద్దది అనడిగినాను. వాడు పళ్లెమంత ఫ్లడ్ లైటు తీసినాడు, తెల్లగా, కళ్లు జిగేల్‌మన్నాయి. ఇదే అన్నాను. డాబా మీద మూల, పిట్టగోడకి బిగించినాడు వైర్‌మేను.

సాయంత్రం స్విచ్ వేసి నేనేం చేసినాను? పెరట్లోకి వెళ్లినాను అనుకున్నావా? లేదురా. చెప్పులేసుకుని గేటు దాటి, వీధి చివరికెళ్లి వెనక్కి తిరిగి చూసినాను. కనిపిస్తోంది. అక్కణ్ణుంచి లెవెల్ క్రాసింగు దాకా నడిచినాను. అక్కణ్ణుంచి కూడా కనిపిస్తోంది! గేటు దగ్గర కుర్చీలో కూసున్నోడికి చూపించినాను, అదిగో మా ఇల్లు అని. ఛాతీ పొంగిపోయింది నాకు. ఇంటికొచ్చి మీ అమ్మమ్మతో చెప్పినాను, లెవెల్ క్రాసింగు దాకా పడుతోందే నీ లైటు అని. నేను ఆ మెట్ల మీద ఒక్కసారి నిలబడి చూసుంటే... ఆ బుద్ధి రాలేదు.

వానాకాలం అది. రెండోనాటికి పురుగులు. ఒకటీ రెండూ కాదు, చీపురుతో ఊడ్చి చేటకెత్తాలి. పురుగులకోసం కప్పలు. కప్పలకోసం ఇంకేటొస్తాయో నీకు తెలుసు. పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ, మనకి గుమ్మడి తీగ ఇచ్చిందే, ఆవిడ గోడ మీంచి తొంగిచూసి, దాయీ, అమ్మా, మీ పెరట్లో రైలు ఎప్పుడాగుతుంది, నేను టికెట్టు కొనుక్కుంటాను అంది. వాళ్లావిడకి, కాదు, వాళ్లాయనకి కిటికీలోంచి వెలుతురు మొహమ్మీదే పడుతోందంట, పడక గది మార్చుకున్నారంట. నవ్వుతూనే చెప్పింది గానీ తిట్టినట్టే కదా.

మీ అమ్మమ్మ మాత్రం నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చీది. తుంపర పడుతోంది కదా, అందుకనుకున్నాను నేను. అడగొచ్చు కదా? అడగలేదు.

నాలుగోనాడో అయిదోనాడో తెల్లారగట్ల బాల్చీ దొర్లిన చప్పుడు. పరిగెట్టినాను. మూడో మెట్టు దగ్గర బట్టలుతికే రాయి పట్టుకుని వంగిపోయుంది. పడలేదు, మోకాలు గీసుకుంది, రెండు గాజులు చిట్లాయి. మీ మావయ్య నాకంటే ముందే ఉన్నాడక్కడ. ఆవిడే లోపలికెళ్లి, బీరువా సొరుగులోంచి తాళం తీసి వాడి చేతిలో పెట్టింది. మాటిచ్చినాను కదా అంది. వాడు వేసీసినాడు.

ఎనిమిది రోజులు. లోపలే స్నానం. తులసికి కోడలు పోసీది నీళ్లు. కానీ చూడు, ఆ గూడ్సు వెళ్లగానే ఆవిడకి మెలకువ వచ్చీది. లేచి, మంచం అంచున కాళ్లు కిందపెట్టి అలా కూసునీది. తెల్లారీదాకా అలాగే. నేను నిద్దరపోతున్నాననుకునీది. నేను నిద్దరపోతే కదా.

తొమ్మిదోనాడు మీ మావయ్య దగ్గర తాళంచెవి అడిగి తీసుకున్నాను. మునిమాపు వేళ, నేనూ ఆవిడా వెళ్లి వెనక గుమ్మంలో కూసున్నాం. లైటు వెయ్యమన్నాను. చెప్పు, ఏటైంది ఆ రోజు అన్నాను.

ఆవిడ లేచి ఒక మెట్టు దిగి నిలబడింది. అప్పుడు చూసినాను నేను. లైటు డాబా మీద, ఆవిడ వెనకాల. ఆవిడ నీడ ఆవిడ ముందే పడుతోంది, నల్లగా, మెట్లన్నీ కప్పీసి. మూడో మెట్టు ఉందో లేదో నాకే తెలీలేదు. వచ్చేటప్పుడు ఇంకా ఘోరం, తిన్నగా కళ్లల్లో పొడుస్తాది. అందుకే అరచెయ్యి అడ్డం.

"దీపం నాకు కనిపించక్కర్లేదండీ," అంది, "మెట్టు కనిపిస్తే చాలు."

అంతేరా. నేను ఉజ్జోగంలో పట్టుకున్న దీపాలన్నీ అవతలోడు చూడ్డానికి. నా కాలికింద ఏటుందో చూసుకోడానికి ఒక్కటీ కాదు. ఇంట్లో ఆవిడ రెండోది అడిగితే, నేను మొదటిది తెచ్చి నెత్తిమీదెట్టినాను.

ఈ తెలివి కూడా ఒక్కసారిగా రాలేదులే, అందాకా తెల్లారగట్ల తలుపుకి తాళం తాళమే. సోలారువి తెచ్చినాను ముందు, నేలలో గుచ్చీవి. బాగుంటాయి, వైరుండదు. కానీ వానాకాలం ఎండేదీ? సాయంత్రం వెలిగి, ఆవిడ లేచే వేళకి ఆరిపోయీవి. తరవాత మనిషి కదిల్తే వెలిగీది తెచ్చినాను. నేను దిగి చూస్తే, అది రెండో మెట్టు దాటాక వెలిగీది, పిల్లి వస్తే మాత్రం ఠక్కున వెలిగీది. పిల్లికి మెట్లు బానే కనిపిస్తాయి, దానికెందుకు?

ఆఖరికి ఏటి చేసినామంటే, చిన్నవి. మెట్ల పక్క గోడకి, మోకాలి కిందికి, మెట్టుకొకటి. పైన రేకు టోపీ ఉంటాది, వెలుతురు కిందికే పడుతాది, కంటికి తగలదు. పసుపు రంగు వెలుతురు, తెల్లది కాదు, పురుగులు కూడా తక్కువే. కుళాయి దగ్గరొకటి, తులసి దగ్గరొకటి. వైరు పైపులో వేసి పాతించినాను, స్విచ్ గుమ్మం లోపల, ఆవిడ చెయ్యి పడే చోట. ఇంకోటి, మెట్ల అంచులకి తెల్ల రంగు కొట్టినాను. ప్లాట్‌ఫాం అంచుకి కొడతారే, అలాగ. ఈ ఒక్కటి మాత్రం రైల్వే బుద్ధే పనికొచ్చింది.

మీ మావయ్య సాయంత్రం వచ్చి రోడ్డు మీంచి చూసి, కరెంటు పోయిందా నాన్నా అన్నాడు. వీధిలోంచి చూస్తే ఏమీ కనిపించదు మరి. వీటితో ఏటవుతాది, అమ్మ మళ్లీ తూలుతాది అన్నాడు. ఇలా రారా అన్నాను. వాడి కళ్లద్దాలు తీసుకుని, రెండు అద్దాలకీ కొబ్బరినూనె పూసి వాడికే పెట్టినాను. ఒక కన్ను చేత్తో మూసుకోమన్నాను. మీ అమ్మకి ఇంతే, ఇప్పుడు దిగు అన్నాను. పెద్ద లైటు వేసినాను ముందు. రెండో మెట్టు దగ్గర ఆగిపోయినాడు. కాలితో తడుముతున్నాడు, నలభై అయిదేళ్లోడు, బిత్తరపోయి. వెనక్కి రమ్మన్నాను. అది తీసీసి చిన్నవి వేసినాను. దిగినాడు. కుళాయి దాకా వెళ్లినాడు, తులసి దాకా వెళ్లినాడు, వచ్చినాడు. కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. నూనె బేగి పోదు కదా. అన్నం తిని పడుకున్నాడు.

మర్నాడు గూడ్సు వెళ్లింది, మీ అమ్మమ్మ లేచి మంచం మీద కూసుంది. నేను తాళంచెవి కోసం వాడి దగ్గరికి వెళ్దామని లేస్తే, వెనక తలుపు అప్పటికే బార్లా తీసుంది. బాల్చీ కుళాయి కింద పెట్టుంది. వాడు లోపల దుప్పటి కప్పుకుని నిద్దరపోతున్నట్టు పడుకున్నాడు. ఆ తాళం ఎక్కడ పెట్టినాడో ఇప్పటిదాకా నేనడగలేదు.

ఇప్పుడా? వెళ్తోంది రోజూ. చూపు ఈయేడు ఇంకొంచెం తగ్గిందన్నాడు డాక్టరు. ఒకరోజు ఆ మెట్లు మానీయాలేమో. మానీయాల్సినప్పుడు ఆవిడే చెప్తాది, అప్పుడు చూద్దాం.

నువ్వు ఏటి చేస్తావంటే, ఈ సాయంత్రం మీ అమ్మ పెరట్లోకి వెళ్తే నువ్వూ వెనకాలే వెళ్లు. మాటాడకు. ఎక్కడ ఆగుతాదో చూడు. ఎక్కడ చెయ్యి చాపుతాదో చూడు. అక్కడల్లా ఒకటి పెట్టించు, కిందికి. అవి అయ్యాక నీ గేటు మీద గుండ్రటివి పెట్టుకో, వద్దనను, కుర్రోడివి, సరదా ఉంటాది. మీ అమ్మ మోకాళ్లు నొప్పులంటోంది, నీతో చెప్పిందా? నాతో చెప్పింది. చెప్పదు నీతో. వెళ్లు నాయినా, పొద్దుండగా వెళ్లు. మీ ఇంట్లో అందరి కాళ్లూ తిన్నగా పడాలి, నూరేళ్లు తిరగాలి మీరంతా... ఆఁ, వెళ్లేటప్పుడు మీ అమ్మమ్మకి చెప్పీసి వెళ్లు. దగ్గరికెళ్లి చెప్పు, గుమ్మంలోంచి కాదు, ఎవులో పోల్చుకోలేదు అక్కణ్ణుంచి...