నేను విశ్రాంతి అడగలే

సభకు అధ్యక్షులైన మా పెద్ద డాక్టర్ రాఘవేందర్ గారికి, నాకు సూది పట్టుడు నేర్పి, ఇయ్యాల మోకాళ్ల నొప్పులతోని కూడా ఈ మెట్లన్నీ ఎక్కి వచ్చిన పాత మేట్రన్ విద్యావతి అమ్మగారికి, డాక్టర్లకు, తోటి సిస్టర్లకు, వార్డులు తుడిచి చేతులు కడుక్కొని ఉరికొచ్చిన అక్కలకు, చిక్కడపల్లి నుంచి, అశోక్ నగర్ నుంచి నా కోసం వచ్చిన పాత పేషెంట్లకు, చివరి వరుసల కూసొని ఎవరన్న చూస్తున్నరేమో అని అటు తిరిగి కండ్లు తుడుచుకుంటున్న మా ఆయన నగేష్ గారికి, అందరికీ ఈ స్వరూప నమస్కారాలు. (నవ్వులు) నవ్వకుండ్రి. మా పెండ్లిల అప్పగింతలప్పుడు కూడా మా అమ్మకంటె ఆయననే ఎక్కువ ఏడ్చిండు.

నాకు మైకు అలవాటు లేదు, వార్డుల ఒర్రుడు అలవాటు. ఇప్పటిదాక మాట్లాడినోళ్లు నన్ను దేవత అన్నరు, తల్లి అన్నరు. నేనేం దేవతనో అశోక్ నగర్ హాస్టళ్లల కొలువుల కోసం చదివే పిల్లలను అడగండ్రి. పరీక్షలని పొద్దున చాయ, పగలు చాయ, ఆకలైతే మిర్చీ బజ్జీ తిని కామెర్లు తెచ్చుకుంటరు. సెలైన్ పెట్టిన చేతితోనే లావు పుస్తకం పట్టుకొని చదువుతరు, సూది జరిగి చెయ్యి బూరె లెక్క వాస్తది. "నీ కొలువు ఏడికి పోదు గాని ఇంకోపారి నాకు నీ నరం దొరకది బిడ్డా, పుస్తకం కింద పెట్టు" అని ఎంతమందిని తిట్టిన్నో. అగో, కిటికీ కాడ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతున్న శ్రీనాథ్ సారు గట్ల తిట్లు తిన్నోడే. ఇప్పుడు పెద్ద ఆఫీసర్. అయినా మనిషి జర బక్కగనే ఉన్నడు. (నవ్వులు)

ఇగ నా నడుము సంగతి. దాని గురించి అందరు చావు ముచ్చట లెక్క మెల్లగ మాట్లాడిండ్రు. నేను గట్టిగనే చెప్త. మన నర్సింగ్ హోంల వార్డు బాయ్‌లు ఎన్నడూ సరిపోరు. స్ట్రెచర్ మీది నుంచి మంచం మీదికి మనిషిని మార్చాలంటే పేషెంటుతోని వచ్చినోళ్లనే పిలుస్తం. "అన్నా, జర దుప్పటి అంచు పట్టున్రి" అంటం. ఆ దినం తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన, భారీ మనిషి. కాళ్ల దిక్కు ఆయన కొడుకు పట్టిండు, తల దిక్కు నేను పట్టిన. లేపినం. పెద్దాయన ఇంకా గాలిలనే ఉన్నడు, కొడుకు జేబుల ఫోను మోగింది. దుప్పటి ఇడిశిపెట్టి "హలో" అన్నడు.

నేను ఇడువలే. ఎట్ల ఇడుస్త? అప్పుడే బాగు చేసిన తుంటి. ఉన్న బరువంత నా మీదికి వచ్చింది, నడుముల పటుక్కుమన్నది, అయినా పెద్దాయనను మంచం మీదనే పండబెట్టిన. తర్వాత నేను నేల మీద కూలబడ్డ, లేవరాలే. నాకు ఆపరేషనై పక్క వార్డుల పడి ఉంటే, పెద్దాయన ఇంటికి పోయే దినం కొడుకు అందరికీ లడ్డూలు పంచిండు. నాకూ ఒకటి పెట్టి, "అయ్యో సిస్టర్, మీకేమైంది, పానం బాగలేదా?" అని అడిగిండు.

వంగవద్దు, బరువు లేపవద్దు అన్నరు. ఇంట్ల ఉండు, ఉన్నదాంట్లనే తిందామని మా ఆయన బతిమాలిండు. అయినా నడుముకు పట్టీ కట్టుకొని వచ్చిన. పెద్ద డాక్టర్ గారు రానిచ్చిండ్రు, ఆ మేలు మరువ. కని మా జ్యోత్స్న, రమ్య, ఈ ఇద్దరు నా పానం తీసిండ్రు. నేను జర వంగబోతే ఒకతి ఉరికొస్తది, ట్రే అందుకుంటే ఇంకొకతి గుంజుకుంటది. "మేం చేస్తం, మీరు కూసోండి సిస్టర్." పొద్దందాక ఇదే మాట. వాళ్లది ప్రేమనే, నాకు తెలుసు. కని చూసి చూసి పేషెంట్లు కూడా గట్లనే అయిండ్రు. నొప్పితోని మూలుగుతున్న మనిషి పక్కననే నేను నిలబడి ఉంటే, నన్ను దాటి రమ్యను పిలుస్తరు. నా వార్డుల నేను చుట్టం లెక్క అయిన. ఆ బాధ ముందు నడుము నొప్పి ఎంత? నడుముకు గోలీ ఉన్నది, దీనికి లేదు.

ఇయ్యాల మీరంత కలిసి నాకు కుర్చీ కొన్నరు. వీపుకు మెత్త, కాళ్లకు మెత్త, ఎనుకకు వాలితే పండుకోవచ్చు. మనసు పెట్టి కొన్నరు, కాదనను. కని బిడ్డా, నిజం చెప్త, దాన్ని నలుగురు మోసుకొని స్టేజీ మీదికి తెస్తుంటే నాకు గుండెల కలుక్కుమన్నది.

పెద్ద డాక్టర్ సారూ, మీరు ఇందాక "స్వరూప సిస్టర్ విశ్రాంతి కోరుకున్నది" అన్నరు. పెద్దలను సభల కాదనుడు పద్ధతి కాదు. కని నేను విశ్రాంతి అడగలే. కింద, గాయాలకు కట్లు కట్టే డ్రెస్సింగ్ రూముల డ్యూటీ వెయ్యమని అడిగిన. ఆడికి పేషెంట్లు నడిచే వస్తరు, బల్ల జర ఎత్తు చేస్తే వంగే పని లేదు, లేపే పని లేదు. పట్టీ కట్టుకున్న సిస్టర్‌ను చూస్తే వచ్చినోళ్లకు నమ్మకం పోతది, ఇగ ఇంటికాడ ఉండు అన్నరు మీరు. మంచిగనే చెప్పిండ్రు, చాయ తాపి చెప్పిండ్రు. నేను తల ఊపిన. ఇంటికి పోయి నల్లా ఇడిశిపెట్టి, చప్పుడు బయటికి రాకుండ ఏడ్చిన. విద్యావతి అమ్మా, మీరు కండ్లనీళ్లు పెట్టుకోకుండ్రి, నేను ఇంక మాట్లాడలేను.

(నీళ్లు తాగి) నేను పని మానుతలేను. సోమవారం నుంచి బర్కత్‌పురల, మంచం పట్టిన పెద్దోళ్లను చూసుకునే చిన్న జాగల చేరుతున్న. ఆడ పిడి తిప్పితే మంచమే పైకి లేస్తది, మనిషిని జరపాలంటే ఇద్దరు రావాల్సిందే. ముందుగాలనే పట్టీ చూపిచ్చిన. ఆడి మేడమ్ చూసి, "చేతులు బాగున్నయి కదా" అన్నది. గంతే. ఆ ఒక్క మాట మీ నోట్ల నుంచి వచ్చి ఉంటే నేను ఈడనే ఉందును సారూ. కోపంతోని అంటలేను. ఈ వార్డు నాది అనుకున్న, అందుకే చెప్తున్న.

ఇగ చాలు. ఇంకా దండలు ఉన్నయంట, వద్దు. కింద వార్డుల రామమ్మ ఉన్నది. పక్షవాతం, మాట పడిపోయింది, నొస్తే పిలువను కూడా రాదు. రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే వీపుకు పుండ్లు పడుతయి. మనమందరం ఈడ చప్పట్లు కొట్టుకుంట కూసున్నం, ఆమెను తిప్పే టైము దాటింది. డ్యూటీల సంజన ఒక్కతే ఉన్నది, కొత్త పిల్ల, ఎవ్వరు రాకపోతే ఒక్కతే లేపబోతది. జ్యోత్స్నా, రమ్యా, లేవుండ్రి. నా కాళ్లు మొక్కుడు తర్వాత. భుజం కింద ఒకరు, తుంటి కింద ఒకరు పట్టున్రి, సంజనను దిండు పెట్టమనండ్రి. ఒక్కదాన్ని ఎన్నడూ లేపనియ్యకుండ్రి, నోరు తెరిచి సాయం పిలువుమనండ్రి. ఉరకండ్రి.

వచ్చినోళ్లందరికీ, నన్ను తిట్టనిచ్చినోళ్లకు, మోసినోళ్లకు, మీ అందరి రుణం తీర్చుకోలేను, దండాలు. సెలవు.

ఏయ్ రమ్యా, ఆగు. రామమ్మ నోటితోని అడగది గాని, నా కోసం తలుపు దిక్కు చూస్తది. పోయిందని చెప్పకు. స్వరూప డ్యూటీల ఉన్నదని చెప్పు. అది అబద్ధం కాదు.