పెద్ద గాటు నేనే అడిగాను

నా పేరు బొడ్డేటి కాసులమ్మ. భర్త నూకరాజు. వయసు నలభై నాలుగు. ఊరు కొండకర్ల. బెల్లం పొయ్యి దగ్గర పాకం చూడడం నా పని. చదువు లేదు. మేజిస్ట్రేటు గారు అడిగినదానికి ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

నా రెండు కాళ్ళకీ బొటనవేలి మొదట్లో ఎముక బయటకు పొడుచుకు వచ్చింది. కుడికాలి వేలు పక్క వేలి కిందకు దూరిపోయింది. ఏడేళ్ళు ఓర్చుకున్నాను. ఇక పొయ్యి దగ్గర నిలబడలేకపోయాను.

2008 నవంబరు 12, బుధవారం ఉదయం తొమ్మిదింటికి, ముందు కుడికాలికి ఆపరేషను కోసం అనకాపల్లిలో డాక్టరు త్రినాధరావు గారి దగ్గరకు వెళ్ళాం. రెండు పద్ధతులు ఉన్నాయన్నారు. ఒకటి, చిన్న రంధ్రాలు పెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఎముక కోసి సరిచేయడం. రెండోది, పెద్ద గాటు పెట్టి, ఎముకను కళ్ళతో చూస్తూ సరిచేసి స్క్రూ బిగించడం.

"సిన్న కన్నాలే ఎట్టండి బాబూ, పది రోజుల్లో పొయ్యికాడికి వచ్చెత్తాది" అన్నాడు నా భర్త. గాటు ఎంతదైనా కోసేది ఎముకే, అతకడానికి ఆరు వారాలు పడుతుందని డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు. నా భర్త రెండుసార్లూ తల ఊపాడు. చెవిన పెట్టలేదు.

అతను మందులు తేవడానికి వెళ్ళాక నేను అడిగాను. "బాబూ, మీ సేత్తో ఏది ఎక్కువ సేసేరు?"

పెద్ద గాటువి రెండు వందల దాకా, చిన్న రంధ్రాలవి మూడు అన్నారు. మూడు అని దాచకుండా చెప్పారు.

"అయితే పెద్ద గాటే ఎట్టండి. పెనం మీద మూతెట్టి పాకం సూడలేం గదా" అన్నాను. పదిన్నరకు, ఆపరేషనుకు ఒప్పుకుంటున్నట్టు ఆసుపత్రి కాగితం మీద వేలిముద్ర వేశాను. నా భర్తకు చెప్పలేదు. చెబితే ఇంటికి తీసుకుపోతాడని భయపడ్డాను. ఆ తప్పు నాదే.

నవంబరు 27న కట్టు విప్పినప్పుడు కుట్లు చూసి అతను కేకలు వేశాడు. మత్తులో ఉండగా నా చేత ముద్ర వేయించారని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. అది అబద్ధం. మత్తు నడుముకు ఇచ్చారు, నాకు తెలివి పోలేదు. అదీ ముద్ర వేశాకే. నా భర్త చెడ్డవాడు కాదు, ఇన్నాళ్ళూ నాకు గంజి కాచి పోసింది అతనే. అయినా అది అబద్ధం.

డాక్టరు గారిని జైల్లో పెడితే నా ఎడమకాలు ఇలాగే ఉండిపోతుంది. అదీ ఆయన చేతే చేయించుకుంటాను. పెద్ద గాటే. ఈసారి నా భర్త ఎదురుగా ముద్ర వేస్తాను.

రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిన మాటలే, అన్నీ నిజం. కింద వేసే ముద్రా, ఆసుపత్రి కాగితం మీది ముద్రా ఒకే వేలివి. పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కాసులమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర